బాధితుల పేరిట సైన్యం కదలవచ్చా?

చిత్తూరులో వారానికోసారి మగ్రిబ్ నమాజు తర్వాత జరిగే దర్స్‌లో ఆ రోజు అన్నిసా సూరా 75వ ఆయత్ దాకా వచ్చాం. బలహీనులైన పురుషులు, స్త్రీలు, పిల్లలు మొరపెట్టుకుంటున్నారు. ఈ దౌర్జన్యపరుల ఊరి నుంచి మమ్మల్ని బయటపడవెయ్యి ప్రభూ, మాకోసం నీ తరఫున ఒక సహాయకుణ్ణి పంపు అని వేడుకుంటున్నారు. అలాంటప్పుడు వారికోసం పోరాడకుండా మీరెందుకు కూర్చున్నారని అల్లాహ్ విశ్వాసులను నిలదీస్తున్న ఆయత్ అది. పాఠం అయిపోయింది. ఇంటర్మీడియట్ చదివే ఒక అబ్బాయి లేచి నిలబడ్డాడు.

"భాయ్‌జాన్, అయితే ఎక్కడైనా జనం చచ్చిపోతుంటే ఏ ప్రభుత్వమైనా సైన్యాన్ని పంపి ఆపడం ధర్మమేనా? ఇరాక్ మీదికి వెళ్లినవాళ్లూ జనాన్ని విడిపించడానికే వెళ్తున్నామన్నారు కదా?"

మేము జవాబు వెదుక్కుంటుండగానే వెనక వరుసలోంచి ఒక పెద్దాయన మాట్లాడారు. ఆయనది పీలేరు వైపు. 1990 ఆగస్టులో కువైట్‌లో ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరుగా ఉన్నారు. "నేను అమ్మాన్ దాకా బస్సులో పోయి, అక్కణ్ణుంచి మన విమానంలో ఇంటికొచ్చినా బేటా. మా యజమాని ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు అక్కడే ఉండిపోయిరి. వాళ్లకు ఆ సైన్యం రావల్ల. బాగ్దాద్‌లో ఉండేవాళ్లకు రాకూడదు. ముప్పై ఏళ్లు దాటినా ఎవరి తట్టు నిలబడాల్నో నాకు తెగలేదు" అన్నారు.

ఆ రాత్రి మేము తీర్పు చెప్పే సాహసం చేయలేదు. ఒక వారం గడువు అడిగాం. ఆ వారంలో చదివినదీ, పెద్దలతో చర్చించినదీ మా పాఠకుల ముందు పెడుతున్నాం. మన ఇళ్లలో గల్ఫ్‌కు వెళ్లినవారున్నారు, సైన్యంలో చేరాలనుకునే కుర్రాళ్లున్నారు. టీవీ ముందు కూర్చుని ఒక పక్షం వారు చస్తే బాధపడి, మరో పక్షం వారు చస్తే ఊరుకునేవారూ ఉన్నారు. కనుక ఇది పండితులకు వదిలేయవలసిన ప్రశ్న కాదు.

ఒకే మనుషులు, రెండు ఆయతులు

మొరపెట్టుకున్న ఆ బలహీనులు ఎవరు? మక్కాలో చిక్కుకుపోయిన ముస్లిములు. వలస వెళ్లడానికి దారి లేనివారు, బంధువుల చేతిలో బందీలైనవారు. తానూ, తన తల్లీ ఆ బలహీనులలోని వారమేనని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పిన మాట సహీహ్ బుఖారీలో ఉంది. అంటే ఆ ఆయత్ ఒక తల్లి గురించి, ఆమె పసివాడి గురించి మాట్లాడుతోంది. వారిని విడిపించడానికి యుద్ధం చేయవచ్చునని మాత్రమే కాదు, చేయకుండా కూర్చోవడం తప్పని కూడా అంటోంది. ఇస్లాంలో యుద్ధానికి తావే లేదని మొహమాటంతో చెప్పే సోదరులు ఈ ఆయత్‌ను దాటి పోలేరు.

అయితే ఇక్కడితో ఆగినవారు సగం పాఠమే చదివినట్టు. హిజ్రీ 6వ సంవత్సరంలో దైవప్రవక్త (సఅసం) సుమారు 1400 మంది సహచరులతో ఉమ్రా కోసం బయలుదేరి హుదైబియా దగ్గర ఆగారు. మక్కా అక్కడికి ఎంతో దూరం లేదు. మరణం వరకూ పోరాడతామని సహచరులు చెట్టు కింద ప్రమాణం చేసి ఉన్నారు. అయినా ఆయన (సఅసం) పదేళ్ల సంధికి ఒప్పుకున్నారు. సంధి పత్రం రాస్తుండగానే అబూ జందల్ (రజి) కాళ్ల సంకెళ్లు ఈడ్చుకుంటూ వచ్చి ముస్లిముల మధ్య పడ్డారు. ఒంటి మీద దెబ్బలు కనిపిస్తూనే ఉన్నాయి. షరతు ప్రకారం ఆయన్ను తిరిగి అప్పగించవలసి వచ్చింది. హజ్రత్ ఉమర్ (రజి) అంతటివారే తట్టుకోలేకపోయారు. మన ధర్మం సత్యం కాదా, మనం ఎందుకు తగ్గాలని అడిగారు. ఆ కుర్రాడి ప్రశ్న కొత్తదేమీ కాదు.

తర్వాత అవతరించిన అల్ ఫత్‌హ్ సూరా 25వ ఆయత్‌లో అల్లాహ్ ఒక కారణం తెలియజేశాడు. మక్కాలో మీకు తెలియని విశ్వాస పురుషులు, విశ్వాస స్త్రీలు ఉన్నారు. తెలియకుండానే మీరు వారిని తొక్కేసేవారు, ఆ దోషం మీకు అంటుకునేది. ఆ సంగతి లేకపోతే మీ చేతులు ఆపేవాళ్లం కాదు అన్నది దాని భావం.

పాఠకులు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. అన్నిసా సూరాలో యుద్ధానికి కారణంగా నిలిచినది మక్కాలోని బలహీనులు. అల్ ఫత్‌హ్ సూరాలో యుద్ధాన్ని ఆపడానికి కారణంగా నిలిచినదీ మక్కాలోని బలహీనులే. మనుషులు మారలేదు, వారి కష్టమూ తీరలేదు. అబూ జందల్ సంకెళ్లు కళ్ల ముందే మోగుతున్నాయి. మరి మారిందేమిటి? కత్తి దిగితే మొదట తెగేది ఎవరి మెడ అన్న లెక్క. ఎవరిని కాపాడాలని బయలుదేరామో వారే మన గుర్రాల కాళ్ల కింద పడేటట్టయితే, వారి బాధను చూపించి గుర్రాలను తోలే హక్కు మనకు లేదు. జనం పడుతున్న బాధ సైన్యాన్ని ఆలోచించమంటుంది, కదలమంటుంది. ఏం చేసినా చెల్లుతుందని మాత్రం అనదు.

రెండేళ్లు గడిచాయి. ఖురైషుల మిత్రులైన బనూ బక్ర్ తెగవారు, ముస్లిముల మిత్రులైన ఖుజాఅ తెగ మీద రాత్రివేళ దాడి చేసి చంపారు. ఖురైషులు దానికి సాయపడి సంధిని కాలరాశారు. అప్పుడు పదివేల మంది సైన్యం మక్కాలో ప్రవేశించింది. ఇంటి తలుపు మూసుకున్నవారికి అభయం, మస్జిదులో చేరినవారికి అభయం అని ముందుగానే చాటారు. కొద్దిచోట్ల తప్ప రక్తం చిందలేదు. అదే మక్కా, అదే సైన్యాధిపతి (సఅసం). ఒకసారి ఆగారు, ఒకసారి ప్రవేశించారు.

మన ఊరి పొలిమేరలో జరిగిన యుద్ధం

దూరదేశాల సంగతి మాట్లాడడం తేలిక. చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట ఉంది. 1782 డిసెంబరు 7న హైదర్ అలీ కన్నుమూసింది అక్కడి దండు విడిదిలోనే. కుమారుడు టిప్పు మలబారు తీరం నుంచి వచ్చేదాకా ఆ మరణాన్ని సైన్యానికి తెలియనివ్వలేదు. భౌతికకాయాన్ని మొదట కోలారుకు, తర్వాత శ్రీరంగపట్నానికి తరలించారు. మన పెద్దలు ఆ పేరును గౌరవంతో తలుచుకుంటారు. ఆంగ్లేయులను గడగడలాడించిన వీరుడని మేమూ చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాం. అది అబద్ధం కాదు.

కానీ ఖుర్ఆన్ తూకం మనవారికొకటి, పరాయివారికొకటి కాదు. మీకు, మీ తల్లిదండ్రులకు, మీ బంధువులకు వ్యతిరేకమైనా సరే న్యాయం వైపు సాక్షులుగా నిలవమని అన్నిసా సూరా 135వ ఆయత్ ఆదేశం. కనుక ఆ యుద్ధాన్నే తూకంలో పెట్టి చూద్దాం.

హైదర్ పక్షాన న్యాయం లేకపోలేదు. 1769లో మద్రాసులో కంపెనీవారు ఆయనతో సంధి చేసుకున్నారు, ఒకరిపై దాడి జరిగితే మరొకరు ఆదుకోవాలని. ఆ తర్వాత మరాఠాలు మైసూరు మీద పడితే కంపెనీ కదల్లేదు. 1779లో ఆయన రక్షణలో ఉన్న మాహే రేవును ఆంగ్లేయులు పట్టుకున్నారు. ఇటు ఆర్కాటు నవాబు ముహమ్మద్ అలీ వాలాజా కంపెనీ ఉద్యోగుల దగ్గరే అప్పుల మీద అప్పులు చేశాడు. ఆ అప్పుల భారం చివరికి రైతుల నెత్తిన పడేది. మాట తప్పినవారి మీద, ప్రజలను పిండేవారి మీద యుద్ధం అంటే ఎవరికైనా సబబుగానే తోస్తుంది.

1780 జూలైలో హైదర్ సైన్యం కనుమలు దిగింది. సుమారు 80 నుంచి 90 వేల మంది అని అంచనా. సెప్టెంబరు 10న పొల్లిలూరు దగ్గర కర్నల్ బెయిలీ దళం తుడిచిపెట్టుకుపోయింది. ఆర్కాటు పడిపోయింది. 1782లో చంద్రగిరి కోట లొంగిపోయింది. ఆ కోటను ఏలుతున్నది అబ్దుల్ వహాబ్ ఖాన్, ఆర్కాటు నవాబుకు తోబుట్టువు. అంటే తిరుపతి కొండ కింద ఒకరికెదురుగా ఒకరు నిలిచిన దొరలు ఇద్దరూ ముస్లిములే. అల్ హుజురాత్ సూరా 9వ ఆయత్ సరిగ్గా ఇలాంటి చోటికే వర్తిస్తుంది. విశ్వాసుల్లో రెండు వర్గాలు పోట్లాడుకుంటే మొదట సంధి కుదర్చాలి. ఒక వర్గం హద్దు మీరితే అది దైవాజ్ఞ వైపు మరలేదాకా దానితో పోరాడాలి. మరలిన తర్వాత న్యాయంగా రాజీ చేయాలి. సంధితో మొదలై సంధితోనే ముగిసే ఆయత్ అది, పోరాటం మధ్యలో మాత్రమే వస్తుంది. ఆర్కాటుకూ శ్రీరంగపట్నానికీ నడుమ నిలబడి రాజీ కుదర్చగల శక్తి అప్పట్లో ఎవరికీ లేకపోయింది.

తర్వాత జరిగినదే మనల్ని కలవరపెట్టాలి. మద్రాసుకు ధాన్యం, మేత, పశువులు అందకుండా చేయడం హైదర్ ఎత్తుగడ. గుర్రపు దళాలు ఊళ్లను తగలబెట్టాయి, పొలాలను పాడుపెట్టాయి. సైనికంగా చూస్తే పదునైన ఎత్తే. సర్ ఐర్ కూట్ సైన్యం పోర్టోనోవో దగ్గర, షోలింగూరు దగ్గర గెలిచి కూడా తిండి, బండ్లు లేక ముందుకు కదలలేకపోయింది. కానీ ఆ పంటలు కంపెనీవి కావు. రైతులవి. కర్ణాటక సీమంతా కరువు వాతపడింది. మద్రాసులో 1782లో కరువు బాధితులకు గంజి పోయడానికి వెలిసిన సత్రమే మణెగారు సత్రం. నేటి స్టాన్లీ ఆసుపత్రి మూలాలు ఆ గంజి సత్రంలోనే ఉన్నాయి. చిత్తూరు నుంచి మద్రాసుకు వైద్యానికి వెళ్లే మనవారిలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో! 1785లో ఎడ్మండ్ బర్క్ బ్రిటిష్ పార్లమెంటులో ఈ విధ్వంసాన్ని వర్ణించి, దీన్ని తెచ్చిపెట్టింది నవాబూ, అతని అప్పులవాళ్లూ అని వేలెత్తి చూపాడు. నింద అటూ ఇటూ ఎంత పంచుకున్నా గంజి కోసం నిలబడినవాడి ఆకలి మాత్రం పంచుకోవడానికి వీల్లేనిది.

సిరియా వైపు సైన్యాన్ని సాగనంపుతూ హజ్రత్ అబూబకర్ (రజి) చేసిన హితవు ఇమామ్ మాలిక్ ముఅత్తాలో ఉంది. స్త్రీలను, పిల్లలను, ముసలివారిని చంపరాదు. పళ్లచెట్లు నరకరాదు. జనం ఉండే చోట్లను పాడుపెట్టరాదు. తిండికి తప్ప గొర్రెను గానీ ఒంటెను గానీ కోయరాదు. ఈ నియమాలను ఎదుటపెట్టుకుని 1780-82 నాటి మన సీమను చూస్తే, యుద్ధానికి కారణం సరైనదే అనుకున్నా యుద్ధం నడిచిన తీరు ధర్మసమ్మతం కాదని ఒప్పుకోక తప్పదు. ఇలా అనడం హైదర్ అలీని అవమానించడం కాదు. ఆయన కూడా ఆ నియమాలకు లోబడవలసిన ముస్లిమే.

చివరికి ఏమైంది? 1784 మార్చి 11న మంగళూరులో సంధి అయింది. ఎవరి ప్రాంతాలు వారికి తిరిగి ఇచ్చివేయాలని తీర్మానించారు. దాదాపు నాలుగేళ్ల తర్వాత గీత ఉన్నచోటే ఉంది. మన ఊళ్లలో చెరువుకట్టకు ఏడాదికోసారైనా మట్టి వేయకపోతే ఏమవుతుందో రైతు బిడ్డలకు చెప్పనక్కరలేదు. జనం పారిపోయిన ఊరిలో ఆ మట్టి ఎవరు వేస్తారు?

1948, తూకానికి రెండో తట్ట

ఇక మన మీదికే సైన్యం వచ్చిన సందర్భం. హైదరాబాద్ సంస్థానం. ఇది చెప్పేటప్పుడు మన ఇళ్లలో రెండు రకాల అర్ధసత్యాలు వినిపిస్తాయి.

ఖాసిం రజ్వీ నాయకత్వాన రజాకార్లు ఊళ్ల మీద పడ్డారు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగిన ఊచకోత చరిత్ర. భారత యూనియన్‌లో చేరడమే మేలని రాసిన ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను అదే ఆగస్టులో హైదరాబాద్ వీధిలో చంపారు. ఆయన ముస్లిం, చంపినవారూ ఆ పేరు చెప్పుకున్నవారే. జనం సరిహద్దులు దాటి పారిపోయారు. ఆ బలహీనుల మొర కూడా అన్నిసా సూరా 75వ ఆయత్ చెప్పిన మొరలాంటిదే. వారు ముస్లిములు కారు కనుక ఆ ఆయత్‌లోని న్యాయం వారికి అందదనడం తప్పు. దైవప్రవక్త (సఅసం) ప్రవక్త పదవికి ముందు పాల్గొన్న హిల్ఫుల్ ఫుజూల్ ఒప్పందం మక్కాకు వచ్చిన పరాయి వర్తకునికి జరిగిన అన్యాయం మీద పుట్టింది. ఇప్పుడు పిలిచినా ఆ ఒప్పందానికి సరేనంటానని ఆయన (సఅసం) తర్వాత కూడా చెప్పారు.

సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. సైనికంగా అయిదు రోజుల పని. దానికి పోలీసు చర్య అని పేరు పెట్టారు. అసలు నెత్తురు ఎక్కువగా పారింది ఆ తర్వాత. నెహ్రూ పంపిన బృందంలో పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ ఉన్నారు. వారు పల్లెపల్లె తిరిగి, పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది దాకా ప్రాణాలు కోల్పోయి ఉంటారని అంచనా కట్టారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి. కొన్నిచోట్ల సైనికులే దోపిడీకి, హత్యలకు ఊతమిచ్చారని కూడా రాశారు. ఆ నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. 2013 నాటికి గానీ ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో జనానికి చూసే వీలు కలగలేదు. అదే నివేదికలో మరో సంగతి ఉంది. ముస్లిం పొరుగువారిని కాపాడిన హిందువులు ఎందరో కనిపించారట, కొందరు ప్రాణాలే ఒడ్డారట. ముస్లిం సాలెలకు హిందూ సాలెలు అడ్డు నిలిచారట. దర్స్‌లో ఈ మాట చదివినప్పుడు మా గొంతు కాస్త ఆగింది.

రజాకార్లను ఆపడం అవసరమా? అవసరమే. ఆపిన తర్వాత నిరాయుధులను వదిలేసి ఊరుకోవడం, కొన్నిచోట్ల చేయి కలపడం న్యాయమా? కాదు. ఈ రెండు జవాబులూ ఒకే నోటితో చెప్పగలిగినవాడే అల్ మాయిదా సూరా 8వ ఆయత్ చదివినట్టు. ఒక జాతి మీది ద్వేషం మిమ్మల్ని న్యాయం తప్పనివ్వకూడదని అందులో ఉంది.

పెద్దాయన ప్రశ్న

ఇమామ్ ఇబ్నుల్ ఖయ్యిమ్ (రహ్మలై) చెడును తొలగించే పనికి నాలుగు ఫలితాలు ఉంటాయని రాశారు. చెడు పోయి దాని స్థానంలో మంచి రావచ్చు. పూర్తిగా పోకపోయినా తగ్గవచ్చు. దాని స్థానంలో అంతే చెడు రావచ్చు. లేదా అంతకంటే పెద్ద చెడు రావచ్చు. మొదటి రెండింటికీ అనుమతి ఉంది. మూడోది ఆలోచించి తేల్చుకోవలసినది. నాలుగోది నిషిద్ధం. కువైట్ సంగతిని దీనితో కొలిచి చూశాం.

1990 ఆగస్టు 2న సద్దాం సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. ఒక ముస్లిం దేశం మరో ముస్లిం దేశాన్ని మింగింది. అరబ్బు దేశాలు రాజీ ప్రయత్నాలు చేశాయి, ఐక్యరాజ్యసమితి 1991 జనవరి 15 దాకా గడువిచ్చింది. పరాయి సైన్యాలను పిలవవచ్చా అన్న విషయంలో ఉలమాలు చీలిపోయారు. సౌదీ పెద్ద ఉలమాల మండలి అవసరం దృష్ట్యా సరేనంది, ఎందరో ఒప్పుకోలేదు. జనవరి 17న బాంబుల వర్షం మొదలైంది, ఫిబ్రవరి 28న కాల్పులు ఆగాయి. కువైట్ కువైటీలకు తిరిగి దక్కింది. మన పీలేరు, మదనపల్లె, రాయచోటి ఇళ్లలో మళ్లీ పొయ్యి వెలిగింది. ఇందులో ఒక చెడు తొలగిన మాట నిజం. కానీ ఫిబ్రవరి 13న బాగ్దాద్‌లోని ఆమిరియా ఆశ్రయ గృహం మీద బాంబులు పడి 400 మందికి పైగా పౌరులు మరణించారు. కువైట్ విముక్తి తర్వాత కూడా ఆర్థిక ఆంక్షలు ఏళ్ల తరబడి సాగి ఇరాక్ పసిపిల్లలను మందుకూ తిండికీ మాడ్చాయి. విడిపించడం ఒక పని, విడిపించాక శిక్షించడం మరో పని. మొదటిదానికి దొరికిన అనుమతి రెండోదానికి చెల్లదు.

2003లో చూపిన సామూహిక విధ్వంసక ఆయుధాలు దొరకనే లేదు. భద్రతామండలి అనుమతీ లేదు. నియంత పోయాడు, ఆ తర్వాతి ఏళ్లలో లక్షకు పైగా పౌరులు చనిపోయారు. నాలుగో ఫలితానికి ఇంతకంటే వివరణ అక్కరలేదు. ఇక 1971 తూర్పు పాకిస్తాన్. దాదాపు కోటి మంది శరణార్థులు మన దేశంలోకి వచ్చి పడ్డారు. డిసెంబరులో రెండు వారాల్లో యుద్ధం ముగిసింది, 1972 మార్చికల్లా భారత సైన్యం వెనక్కి వచ్చేసింది. గెలిచిన సైన్యం ఇంటికి తిరిగి రావడం కూడా ధర్మంలో భాగమే. దానిపైనా అభిప్రాయభేదాలున్నాయి. బీహారీ ముస్లిములు ఆ తర్వాత పడిన పాట్లు మరచిపోలేనివి. అయినా బాధితుల పేరు చెప్పి వెళ్లినవారు అక్కడే తిష్ట వేయలేదన్నది లెక్కలోకి రావాలి.

మరుసటి వారం దర్స్‌లో ఇదంతా చెప్పాం. పెద్దాయన చివరిదాకా విని, "అయితే మా యజమాని బిడ్డలదీ న్యాయమే, ఆమిరియా బిడ్డలదీ న్యాయమే. నేను ఒక తట్టే నిలబడాలనుకోవడమే తప్పయిందన్నమాట" అన్నారు. మేము అవునన్నాం. కుర్రాడు మాత్రం వదల్లేదు. "సైన్యం ధర్మంగానే వెళ్లి కూడా తప్పు చేస్తే?" అన్నాడు.

అందుకు బనూ జదీమా సంఘటన చెప్పాం. మక్కా విజయం తర్వాత దైవప్రవక్త (సఅసం) హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి)ను ఆ తెగ దగ్గరికి పంపారు. వారు ఇస్లాం స్వీకరించామని సరైన మాటల్లో చెప్పలేకపోయారు, అపార్థం జరిగి కొందరు చనిపోయారు. కబురు అందగానే ఆయన (సఅసం) చేతులెత్తి, ఖాలిద్ చేసిన పనితో తనకు సంబంధం లేదని అల్లాహ్‌కు విన్నవించుకున్నారు. హజ్రత్ అలీ (రజి)కి ధనం ఇచ్చి పంపారు. ఆయన ప్రతి హతునికీ రక్తపరిహారం చెల్లించారు. పోయిన సొత్తుకు వెల కట్టారు, కుక్క నీళ్లు తాగే గిన్నె దాకా. ఇంకా కొంత మిగిలితే, మనకు తెలియని నష్టం ఏదైనా ఉంటే దానికోసమని అదీ వారికే ఇచ్చేశారు.

కుర్రాడు ఆ గిన్నె సంగతి ఎక్కడుందని అడిగి, ఇబ్నె హిషామ్ సీరత్ అని నోటుబుక్కులో రాసుకున్నాడు. వచ్చే వారం ఆ అధ్యాయం తానే చదివి వినిపిస్తానన్నాడు.